డబ్బు పంపే ముందు ఇంకొకరికి చూపించండి: సోషల్ మీడియా మోసాలపై సమగ్ర మార్గదర్శి

పోయిన ఏడాది సంక్రాంతికి ముందు, గుంటూరు అరండల్‌పేటలో ఉండే మా బావమరిది ఫోన్ చేసి "డబ్బులు అందాయా బావా?" అని అడిగాడు. నేను ఏ డబ్బులూ అడగలేదు. నా పేరు, నా ఫొటో పెట్టి ఎవరో ఫేస్‌బుక్‌లో కొత్త ఖాతా తెరిచారు. నా స్నేహితుల జాబితాలో ఉన్నవాళ్లందరికీ "ఆసుపత్రిలో ఉన్నాను, అర్జంటుగా 15 వేలు కావాలి, రేపు పొద్దున్నే ఇచ్చేస్తాను" అని మెసేజ్‌లు పెట్టారు. మావాడు మారు మాట్లాడకుండా పంపేశాడు.

తర్వాత ఇద్దరం కూర్చుని ఆ మెసేజ్‌లు చదివాం. వాటి నిండా "మీరు", "పంపగలరా" అని ఉంది. ముప్పై ఏళ్లుగా నేను వాణ్ణి "ఒరేయ్" అని తప్ప పిలిచింది లేదు. "నాకూ వింతగానే అనిపించింది బావా. కానీ ఆసుపత్రి అన్నావు కదా, ఫోన్ చేసి నిజమేనా అని అడగడానికి మొహమాటమేసింది" అన్నాడు.

నేను బ్యాంకు కౌంటర్లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటున్నాను. డబ్బు పోయిన తెలిసినవాళ్లు ఫోన్ పట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. అత్యాశకు పోయేవాళ్లే మోసపోతారని బయట అనుకుంటారు కానీ, నా దగ్గరకు వచ్చినవాళ్లలో లెక్చరర్లు ఉన్నారు, వ్యాపారులు ఉన్నారు, రూపాయి రూపాయి లెక్క చూసుకునే గృహిణులు ఉన్నారు. డబ్బు పంపే ముందు వాళ్లలో ఏ ఒక్కరూ ఇంట్లో గానీ బయట గానీ ఎవరికీ ఆ సంగతి చెప్పలేదు. విజయవాడ బట్టల మార్కెట్ వస్త్రలతకు చీర కొనడానికి వెళ్తూ కూడా వదిననో పక్కింటావిడనో వెంట తీసుకెళ్తాం. ఫోన్లో మాత్రం లక్ష రూపాయల నిర్ణయాన్ని రాత్రి పదకొండింటికి, దుప్పట్లో పడుకుని ఒక్కళ్లమే తీసుకుంటున్నాం. మోసగాడు మొదట చేసే పని మనల్ని మనవాళ్ల నుంచి విడదీయడం. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఆ విడదీయడాన్ని అడ్డుకోవడానికే.

1. ముందు మీ ఖాతాలకు గడియ పెట్టుకోండి

దీనికి అరగంట చాలు. ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో మీ స్నేహితుల జాబితా ఎవరికి కనిపించాలన్న చోట "ఓన్లీ మీ" పెట్టండి. నా విషయంలో మోసగాళ్లకు దొరికింది ఆ జాబితానే. అది కనిపించకపోతే మీ పేరుతో దొంగ ఖాతా తెరిచినా, ఎవరికి మెసేజ్ పెట్టాలో వాళ్లకు తెలియదు. ప్రొఫైల్ లాక్ కూడా చేసుకోండి. ఫోన్ నంబరు, పుట్టిన తేదీ అందరికీ కనబడకుండా తీసేయండి.

వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి ఆరంకెల పిన్ పెట్టుకోండి. ప్రైవసీలో "గ్రూప్స్" దగ్గర "మై కాంటాక్ట్స్" ఎంచుకుంటే, ముక్కూమొహం తెలియనివాళ్లు మిమ్మల్ని పెట్టుబడుల గ్రూపుల్లో చేర్చలేరు. "లింక్డ్ డివైసెస్" అప్పుడప్పుడూ తెరిచి చూడండి. మీకు తెలియని కంప్యూటర్ అక్కడ కనిపిస్తే వెంటనే లాగౌట్ చేయండి. "పొరపాటున మీ నంబరుకు ఒక కోడ్ వచ్చింది, కాస్త పంపించరా" అని మీ సొంత చెల్లెలి నంబరు నుంచి మెసేజ్ వచ్చినా ఇవ్వకండి. అప్పటికే ఆవిడ వాట్సాప్ వేరేవాళ్ల చేతిలోకి వెళ్లి ఉండొచ్చు. ఆ కోడ్ ఇస్తే తర్వాత పోయేది మీ వాట్సాప్.

2. తెలిసినవాళ్ల పేరుతో మెసేజ్ వస్తే

మొదట పిలుపు చూడండి. మన భాషలో ఇది చాలా పనికొచ్చే ఆనవాలు. మిమ్మల్ని "పిన్నీ" అనేవాడు "మేడమ్" అన్నాడా? "అన్నయ్యా" అనే మనిషి "హాయ్ డియర్" అన్నాడా? గుంటూరు యాసలో మాట్లాడే స్నేహితుడు ఒక్కసారిగా పుస్తకాల భాష రాస్తున్నాడా? అక్కడే ఆగిపోండి.

తర్వాత ఆ మెసేజ్‌కు జవాబివ్వకుండా, మీ ఫోన్లో ముందు నుంచీ ఉన్న నంబరుకు కాల్ చేయండి. మెసేజ్‌లో ఇచ్చిన కొత్త నంబరుకు చేస్తే మోసగాడే ఎత్తుతాడు. ఇప్పుడు గొంతును కూడా అనుకరించే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి కాబట్టి, బయటివాళ్లకు తెలియని ఇంటి సంగతి ఒకటి అడగండి. అమ్మమ్మగారి ఊళ్లో కుక్క పేరు, చిన్నప్పుడు ఎక్కడ పడి దెబ్బ తగిలించుకున్నాడు, అలాంటిదేదైనా. ఫేస్‌బుక్‌లో ఫొటో పెట్టిన సంగతులు అడగకండి.

ఆసుపత్రి అన్నాక అలా అడిగితే బాధపడతారేమో అనుకోవద్దు. నిజంగా ఆపదలో ఉన్న మనిషి మీ ఫోన్ కోసం ఎదురు చూస్తుంటాడు.

ఇదే మోసానికి ఇంకో వేషం ఉంది. మీ స్నేహితుడి పేరుతో ఒక మెసేజ్ వస్తుంది: "నాకు తెలిసిన సీఆర్పీఎఫ్ ఆఫీసరుకు ట్రాన్స్‌ఫర్ అయింది, ఫ్రిజ్, సోఫా, బైక్ అన్నీ తక్కువలో ఇచ్చేస్తున్నాడు, నీ నంబరు ఇచ్చాను." ఆ వెంటనే యూనిఫాం ఫొటోతో ఎవరో పలకరిస్తారు, ఐడీ కార్డు పంపిస్తారు, రవాణా ఖర్చులకు అడ్వాన్స్ అడుగుతారు. మీ కళ్లతో చూడని సామానుకు రూపాయి కూడా కట్టకండి.

3. ఇన్‌స్టాగ్రామ్‌లో చీర, మార్కెట్‌ప్లేస్‌లో బేరం

మంగళగిరి చేనేత అంటే ఎక్కడెక్కడివాళ్లకో మోజు. ఆ పేరు పెట్టుకుని "మగ్గం దగ్గర నుంచి నేరుగా మీ ఇంటికి, పట్టు చీర 499 మాత్రమే" అని వచ్చే ప్రకటనలు చూస్తే నాకు రెండు బాధలు. కొన్నవాళ్ల డబ్బు పోతుంది. నిజంగా నేసేవాళ్లు, పేజీ పెట్టుకుని నిజాయితీగా అమ్ముకుంటున్న ఆడపిల్లలు, వీళ్ల మీద నమ్మకమూ పోతుంది. నూలు ఖరీదు, రోజుల తరబడి మగ్గం మీద కూర్చున్న మనిషి కూలి లెక్క వేస్తే అసలైన చేనేత పట్టు చీర ఆ ధరకు రాదు.

పేజీని ఇలా పరీక్షించండి. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పేరు దగ్గర మూడు చుక్కలు నొక్కితే "అబౌట్ దిస్ అకౌంట్" అని వస్తుంది. ఖాతా ఎప్పుడు తెరిచారు, ఏ దేశం నుంచి నడుస్తోంది వంటి వివరాలు అందులో ఉంటాయి. ఫేస్‌బుక్ పేజీకైతే "పేజ్ ట్రాన్స్‌పరెన్సీ"లో చూడొచ్చు. మంగళగిరి నేతగాళ్లమని చెప్పుకునే పేజీ రెండు నెలల క్రితం పుట్టి, అంతకుముందు ఇంకేదో పేరుతో ఉండి ఉంటే వదిలేయండి. కామెంట్లు ఆపేసి ఉన్నాయేమో గమనించండి. చీర ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతకండి. అదే ఫొటో పది పేజీల్లో పది ధరలతో కనిపిస్తే సంగతి అర్థమైపోతుంది.

అన్నిటికన్నా తేలికైన పరీక్ష వీడియో కాల్. "ఈ చీర ఇప్పుడు చేత్తో పట్టుకుని, అంచు, కొంగు తిప్పి చూపించండి" అని అడగండి. సరుకు ఉన్నవాళ్లు సంతోషంగా చూపిస్తారు. లేనివాళ్లు "షాపులో రష్‌గా ఉందండీ, ఇంకో రెండే పీసులున్నాయి, ముందు పేమెంట్ చేసేయండి" అంటారు. జీఎస్టీ నంబరు ఉందంటే జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొట్టి చూడండి, వ్యాపారం పేరు వస్తుంది. డబ్బు పంపే ముందు యూపీఐ యాప్‌లో కనిపించే ఖాతాదారు పేరు చదవండి. దుకాణం పేరుకు, ఆ పేరుకు ఏ సంబంధమూ లేకపోతే ఎందుకని అడగండి. విజయవాడ, గుంటూరు వాళ్లకైతే మంగళగిరి బస్సెక్కితే చేరే దూరమే. ఒకసారి వెళ్లి, చేతికి తగిలే నేత చూసుకుని, నచ్చిన దుకాణం నంబరు తెచ్చుకుంటే తర్వాత ఎన్నిసార్లైనా ఫోన్ మీద తెప్పించుకోవచ్చు.

మీరే అమ్మేవాళ్లయితే ఒక్క విషయం గుర్తుంచుకోండి: డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయనక్కర్లేదు. పిన్ కొట్టారంటే డబ్బు మీ ఖాతా నుంచి వెళ్తోందని అర్థం. ఈ మోసాలు ఎక్కువైపోవడంతో, వ్యక్తులు ఒకరి నుంచి ఒకరు యూపీఐలో డబ్బు కోరుతూ పంపే "కలెక్ట్ రిక్వెస్ట్" సదుపాయాన్ని, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేసింది. క్యూఆర్ కోడ్‌తో చేసే మోసం మాత్రం ఇంకా ఉంది. "ఎక్కువ పంపేశాను, మిగతాది తిరిగి పంపండి" అని స్క్రీన్‌షాట్ చూపిస్తే, స్క్రీన్‌షాట్ పక్కనపెట్టి మీ బ్యాంకు ఖాతా తెరిచి బ్యాలెన్స్ చూడండి.

4. లైక్ కొడితే డబ్బులు, గ్రూపులో చేరితే లాభాలు

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మా వీధిలో పిల్లలకు ట్యూషన్ చెప్పే ఒకావిడకు వాట్సాప్‌లో "ఇంటి దగ్గరే పని, హోటళ్లకు రేటింగ్ ఇస్తే ఒక్కోదానికి 150 రూపాయలు" అని వచ్చింది. మూడు రేటింగులిచ్చింది, 450 ఖాతాలో పడ్డాయి. తర్వాత టెలిగ్రామ్ గ్రూపులో చేర్చారు. అక్కడ వెయ్యి కడితే 1,300 ఇచ్చారు. మూడు వేలు కడితే నాలుగు వేలు. గ్రూపులో మిగతావాళ్లంతా "నాకు 40 వేలు వచ్చాయి", "థాంక్యూ సర్" అంటూ స్క్రీన్‌షాట్లు పెడుతున్నారు. తర్వాత పన్నెండు వేలు కట్టమన్నారు. ఈసారి వెనక్కి రాలేదు. "టాస్క్ మధ్యలో తప్పు చేశారు, సరిచేయాలంటే 28 వేలు కట్టాలి" అన్నారు. ఆ తర్వాత ట్యాక్స్ అన్నారు. అలా 84 వేలు పోయాయి.

ఆ 450 రూపాయలు వాళ్లు వేసిన ఎర. గ్రూపులో థాంక్యూ చెప్పిన వాళ్లంతా మోసగాళ్ల మనుషులే. పన్నెండు వేలు ఇరుక్కున్నాక ఆవిడ సంపాదించడం కోసం కట్టడం మానేసింది, పోయింది తెచ్చుకోవడానికి కడుతూ పోయింది. గ్రూపులో "ఇది కంపెనీ రహస్యం, ఇంట్లో చెప్పకండి, డబ్బు వచ్చాక సర్‌ప్రైజ్ ఇవ్వండి" అని కూడా రాశారట. పని చేసినందుకు డబ్బు ఇవ్వాల్సినవాళ్లు మిమ్మల్నే డబ్బు కట్టమన్నారంటే, ఆ మొదటి వెయ్యి దగ్గరే ఆగిపోవాలి.

షేర్ మార్కెట్ గ్రూపుల్లోనూ నడిచేది ఇదే పద్ధతి, అంకెలు మాత్రం లక్షల్లో ఉంటాయి. ఎవరో ప్రొఫెసర్ రోజూ పాఠాలు చెప్తాడు. వాళ్లిచ్చిన లింక్ నుంచి ఒక యాప్ వేసుకోమంటారు. అందులో మీ రెండు లక్షలు వారంలో మూడున్నర లక్షలైనట్టు కనిపిస్తాయి. ఆ అంకె వాళ్లు రాసింది. మీ డబ్బు ఏ షేర్‌లోనూ లేదు, ఎవరిదో ఖాతాలో పడి అప్పుడే చేతులు మారిపోయింది. "కొంచెం తీసి చూశాను, వచ్చింది కదా" అని చాలామంది నాతో వాదించారు. చిన్న మొత్తం తీసుకోనివ్వడం మోసంలో భాగమే. పెద్ద మొత్తం తీయబోతేనే ట్యాక్స్, ఫీజు, "ఖాతా ఫ్రీజ్ అయింది" అన్న మాటలు వస్తాయి.

పరీక్షించాలంటే సలహా ఇచ్చేవాళ్ల సెబీ (షేర్ మార్కెట్‌ను నియంత్రించే సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, సెబీ వెబ్‌సైట్‌లో మీరే వెతకండి. వాళ్లు పంపిన సర్టిఫికెట్ ఫొటో లెక్కలోకి రాదు. రిజిస్టరైన బ్రోకర్లు, మ్యూచువల్ ఫండ్లు డబ్బు తీసుకునే యూపీఐ ఐడీల్లో "వ్యాలిడ్" అన్న మాట ఉండేలా సెబీ 2025 అక్టోబర్ నుంచి ప్రత్యేక ఏర్పాటు చేసింది. వ్యక్తి పేరు మీదున్న సేవింగ్స్ ఖాతాకు డబ్బు పంపి షేర్లు కొనడమనేది ఎక్కడా ఉండదు. వీడియోలో మంత్రిగారే చెప్పారు కదా అంటారేమో, కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ పెట్టుబడి పథకాలను సిఫారసు చేస్తున్నట్టు తయారుచేసిన వీడియోలు నకిలీవని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగమైన పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ప్రకటించింది. మన దగ్గర చీటీ వేసేటప్పుడు కూడా పాడేవాళ్ల ఇల్లూ వాకిలీ చూసి వేస్తాం. ఈ గ్రూపుల్లో ఒక్కరి గుమ్మం కూడా మనం ఎప్పుడూ తొక్కి ఉండం.

హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలకు ఒక మాట. "నీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ మాకివ్వు, నెలకు ఇంత ఇస్తాం" అని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. ఆ ట్యూషన్ టీచర్ లాంటివాళ్ల డబ్బు దాటేది అలా అద్దెకిచ్చిన ఖాతాల్లోంచే. పోలీసులు మొదట వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ల దగ్గరికి. విదేశాల్లో డేటా ఎంట్రీ ఉద్యోగమని టెలిగ్రామ్‌లో ఆఫర్ వస్తే, కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ ఏజెంట్ పేరుందో లేదో చూడండి. అలా నమ్మి కంబోడియా, మయన్మార్ వెళ్లిన తెలుగు కుర్రాళ్లను పాస్‌పోర్టులు లాక్కుని, ఇవే మోసాలు వాళ్ల చేత చేయించారు.

5. భయపెట్టేవాళ్లు

"మీ ఆధార్‌తో తీసుకున్న పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం, కెమెరా ముందు నుంచి కదలొద్దు." ఇలా పోలీసు యూనిఫాంలో వీడియో కాల్ చేస్తారు. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో లేదు. 2024 అక్టోబర్ 27న మన్ కీ బాత్‌లో ప్రధాని స్వయంగా ఈ మాట చెప్పి, ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాత చర్య తీసుకోండి అన్నారు. ఏ పోలీసూ, సీబీఐ అధికారీ, జడ్జీ వీడియో కాల్‌లో డబ్బు బదిలీ చేయమనరు. గదిలో తలుపేసుకోమన్నా, ఇంట్లోవాళ్లకు చెప్పొద్దన్నా అప్పుడే తలుపు తీసి బయటికి వచ్చి అందరికీ వినబడేలా చెప్పండి. కాల్ కట్ చేయడం నేరం కాదు.

ఇంకొకటి, చెప్పుకోవడానికి సిగ్గుపడేది. తెలియని అమ్మాయి ఫ్రెండ్ రిక్వెస్ట్ వస్తుంది, రెండు రోజులకు వీడియో కాల్, దాన్ని రికార్డు చేసి "బంధువులందరికీ పంపిస్తాం" అని బెదిరింపు. ఒక్క రూపాయి కూడా పంపకండి, ఇస్తే ఇంకా అడుగుతారు. స్క్రీన్‌షాట్లు దాచి, బ్లాక్ చేసి, ఫిర్యాదు చేయండి. మీ ఇంట్లో ఇరవై ఏళ్ల కొడుకున్నా, అరవై ఏళ్ల నాన్నగారున్నా, ఇలా జరిగితే తిట్టకుండా వింటామని ముందే చెప్పి ఉంచండి. ఈ బెదిరింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు. డబ్బు కన్నా మనిషి ముఖ్యం.

6. వాట్సాప్‌లో వచ్చే ఫైళ్లు

పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ జాబితా, ఏ పేరుతో వచ్చినా ఫైలు పేరు చివర "ఏపీకే" (.apk) అని ఉంటే అది యాప్. తెరిచి ఇన్‌స్టాల్ చేస్తే మీ మెసేజ్‌లు, ఓటీపీలు వాళ్లకు వెళ్లిపోవచ్చు. పొరపాటున చేసేశారా? వెంటనే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. తర్వాత ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి.

మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే 2025 జనవరి 30 నుంచి "మన మిత్ర" పేరుతో వాట్సాప్‌లో సేవలు ఇస్తోంది. దాని నంబరు 9552300009. ఈ నంబరును ముందే సేవ్ చేసుకుని ఉంచుకోండి. ప్రభుత్వ సేవలంటూ వేరే నంబరు నుంచి లింక్ వస్తే ముట్టుకోవద్దు. తిరుమల గదులు, దర్శనాలకైతే టీటీడీ సొంత వెబ్‌సైటే చూడండి, ఫేస్‌బుక్ ప్రకటనలో ఉన్న నంబరుకు డబ్బు పంపకండి.

7. డబ్బు పోయాక మొదటి గంట

ముందు 1930కి ఫోన్ చేయండి. ఇది కేంద్ర హోం శాఖ నడిపే సైబర్ మోసాల హెల్ప్‌లైన్. మీ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు నిమిషాల్లో మారుతుంటుంది. ఏటీఎంలో తీసేలోపు ఆ ఖాతాల్ని ఆపించగలిగితేనే అది దక్కుతుంది. ఫోన్ చేసే ముందు నాలుగు వివరాలు కాగితం మీద రాసుకోండి: ఎంత పోయింది, ఎప్పుడు, ఏ ఖాతాకు లేదా యూపీఐ ఐడీకి వెళ్లింది, లావాదేవీ రిఫరెన్స్ నంబరు. యూపీఐకి అది పన్నెండంకెల నంబరు, యాప్‌లో చెల్లింపు వివరాల్లో ఉంటుంది. లైన్ కలవకపోతే అక్కడే ఆగకుండా సైబర్ క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి.

ఆ తర్వాత బ్యాంకుకు చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. మీ ప్రమేయం లేకుండా, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా జరిగిన లావాదేవీని మూడు పనిదినాల్లో చెప్తే నష్టం మీ మీద పడదని 2017 జూలైలో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం ఉంది. ఓటీపీ మీరే ఇచ్చినా, డబ్బు మీరే పంపినా ఈ రక్షణ అలాగే వర్తించదు. అందుకే 1930 తొందర అంత ముఖ్యం. బ్యాంకు 30 రోజుల్లో సరైన జవాబివ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాయొచ్చు.

చాట్‌లు డిలీట్ చేయకండి. కోపంలో చాలామంది చేసే పొరపాటు ఇదే. అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి, సైబర్ పోలీస్ స్టేషన్‌కు వెళ్లేటప్పుడు ప్రింట్లు పట్టుకెళ్లండి. మా ట్యూషన్ టీచర్, ఇంట్లో తెలుస్తుందన్న టెన్షన్‌తో రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. అప్పుడు ఫోన్ చేస్తే 84 వేలల్లో 11 వేలు మాత్రమే ఒక ఖాతాలో ఆగి ఉన్నాయి. ఆగిన డబ్బు చేతికి రావడానికి కోర్టు ఉత్తర్వు కోసం తిరగాల్సి వచ్చింది. ఆ సమయంలోనే ఆవిడకు ఫేస్‌బుక్‌లో ఇంకొకడు తగిలాడు. "సైబర్ లాయర్‌ని, ఫీజు ఐదు వేలు కడితే మొత్తం ఇప్పిస్తా" అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఈసారి ఆవిడ ఆ మెసేజ్ తెచ్చి నాకు చూపించింది.

8. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్

వచ్చే ఆదివారం అమ్మానాన్నల దగ్గర కూర్చుని ఈ పని చేయండి. యూపీఐకి వేరే ఖాతా పెట్టి, అందులో నెల ఖర్చుకు సరిపడా మాత్రమే ఉంచండి. పెన్షను, ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్న ఖాతాను యూపీఐకి కలపకండి. రోజువారీ పరిమితి తగ్గించే వీలు మీ బ్యాంకు యాప్‌లో ఉంటే తగ్గించండి. ఎనీడెస్క్ లాంటి స్క్రీన్ చూపించే యాప్‌లు ఉంటే తీసేయండి. 1930ని కాంటాక్టుల్లో "డబ్బు పోతే" అన్న పేరుతో తెలుగులో సేవ్ చేయండి, గోడ మీద క్యాలెండర్ పైన కూడా పెద్ద అంకెల్లో రాసి ఉంచండి. మీ నంబరు దాని కింద రాయండి, ఏ టైంలో చేసినా విసుక్కోనని చెప్పండి.